పోటు వేళ ఆ చివరి 300 మీటర్లు పక్షులకు వదలండి: హార్బర్ నడకదారి అధికారులకు బహిరంగ లేఖ

హార్బర్ పక్కన నడకదారిని చూసుకుంటున్న అధికారులకు, ఇంజనీర్లకు, అక్కడ డ్యూటీ చేసే సెక్యూరిటీ సిబ్బందికి,

నమస్కారం.

ఈ ఉత్తరం నడకదారి చివరి 300 మీటర్ల గురించి. జెట్టీ దాటాక దారి పక్కకు తిరిగి, రాళ్ల కట్ట మీదుగా వెళ్లి, ఇసుక దిబ్బ దగ్గర ఆగిపోతుంది కదా, ఆ ముక్క గురించి. చలికాలం చివర, పెద్ద పోటు వచ్చే రోజుల్లో, నీళ్లు పూర్తిగా ఎక్కే సమయానికి 2 గంటల ముందు నుంచి 2 గంటల తర్వాత దాకా ఆ ముక్కలోకి ఎవరినీ వెళ్లనివ్వకండి. నన్ను కూడా వెళ్లనివ్వకండి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కాస్త ఎక్కువ మాటలే కావాలి, ఓపిగ్గా చదవండి.

మా రేవు పేరు కావాలనే రాయలేదు. రాళ్ల కట్ట, నీళ్లు దిగితే బయటపడే బురద మేట, దాని పక్కనే మనుషులు నడిచే దారి, ఈ మూడూ ఉన్న ప్రతి రేవులోనూ ఇదే జరుగుతోంది. మీలో ఎవరికి ఈ ఉత్తరం అందినా ఇది మీ రేవు గురించే అనుకోండి.

చాలా ఏళ్లుగా చలికాలమంతా ఈ దారిలో నడుస్తున్నాను. మొదట్లో నాకు చలికాలం మొదలే ఇష్టంగా ఉండేది. కొత్త పక్షులు దిగుతుంటాయి, ఇవాళ ఏమొచ్చిందో అని ఆత్రంగా ఉంటుంది. ఇప్పుడు చలికాలం చివరి రోజులంటేనే ఇష్టం. ఉత్తరార్ధగోళంలో అయితే జనవరి ఆఖరు నుంచి మార్చి దాటేదాకా. చాలామందికి అప్పటికి పక్షుల మీద మోజు తగ్గిపోతుంది. చూసినవే కదా అనుకుంటారు. కానీ అవి చూసిన పక్షులు కావు. నవంబరులో బూడిద రంగులో ఉండి ఒకదానికొకటి తేడా తెలియని గుంపు, ఫిబ్రవరి వచ్చేసరికి రంగు మారడం మొదలుపెడుతుంది. గ్రే ప్లవర్ అనే పక్షి పొట్ట మీద సిరా చుక్కలు చల్లినట్టు నల్ల ఈకలు కనిపిస్తాయి. డన్లిన్‌కీ పొట్ట కింద నల్లటి మరక దిగుతుంది. బార్ టెయిల్డ్ గాడ్విట్ మగపక్షి ఛాతీ ఇటుక రంగుకు తిరుగుతుంది. చలికాలమంతా చెవి దగ్గర ఒక్క చుక్కతో తెల్లగా తిరిగిన సముద్రపు కాకులు కొన్ని, ఒక వారం చూడకుండా వెళ్తే చాలు, తలకు ముదురు గోధుమ రంగు టోపీ పెట్టుకున్నట్టు ఉంటాయి. ఒకే గుంపులో సగం మారినవి, అసలు మారనివి, పూర్తిగా మారినవి కలిసి నిలబడి ఉంటే ఎంతసేపు చూసినా తనివి తీరదు.

ఆ రంగు ఊరికే రాదు. కొత్త ఈక మొలవాలంటే ఒంట్లోంచి ప్రొటీన్ ఖర్చు కావాలి. అదే సమయంలో రాబోయే ప్రయాణానికి కొవ్వు పోగు చేసుకోవాలి. ఈ రెండు ఖర్చులూ ఒకేసారి మీద పడేది చలికాలం చివరే. అప్పటికి బురదలో తిండి కూడా మొదట్లో ఉన్నంత ఉండదు. నెలల తరబడి వేల ముక్కులు దాన్ని గాలించి ఉంటాయి.

ఈ పక్షుల తిండి సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అభ్యర్థన అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఉల్లంకి జాతి పక్షులు చాలావాటికి తిండి బురద పైన కనిపించదు, లోపల ఉంటుంది. పొడవాటి ముక్కు కొనలో స్పర్శ తెలిసే కణాలు గుత్తులుగా ఉంటాయి. కళ్లతో చూడకుండానే, తడి ఇసుకలో ముక్కు దించి, లోపల గట్టి వస్తువు ఉంటే నీటి ఒత్తిడిలో వచ్చే తేడాని బట్టి నాట్ అనే పక్షి కనిపెట్టగలదు. దొరికిన చిన్న గుల్లని పెంకుతో సహా మింగేసి కందనకాయలో పిండి చేస్తుంది. అందుకే ఇవి చీకట్లో కూడా తింటాయి. వీటికి పగలూ రాత్రీ అంత ముఖ్యం కాదు, బురద బయటపడిందా లేదా అన్నదే ముఖ్యం. నీళ్లు దిగితే భోజనం, నీళ్లు ఎక్కితే విశ్రాంతి. వాటి రోజుని నడిపేది సూర్యుడి కంటే ఎక్కువగా ఆటుపోట్లే.

చాలా తీరాల్లో పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ కొంచెం అటూ ఇటూగా పెద్ద పోటు, అష్టమి ప్రాంతంలో చిన్న పోటు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, ఓడల్ని లోపలికి తెచ్చే పైలట్లు మీ దగ్గరే ఉన్నారు. పక్షుల వైపు నుంచి చూస్తే దీని అర్థం వేరు. చిన్న పోటు రోజున బురద మేటలో కొంత భాగం మునగకుండా మిగులుతుంది, పక్షులు అక్కడక్కడా సర్దుకుంటాయి. పెద్ద పోటు రోజున మేట మొత్తం మునిగిపోతుంది. గోడ వారా ఉన్న ఇసుక కూడా పోతుంది. అప్పుడు హార్బర్ అంతటికీ పొడిగా మిగిలేది ఆ కట్ట చివర, ఆ దిబ్బ మాత్రమే. మైళ్ల పొడవునా చెదిరి మేస్తున్న పక్షులన్నీ ఆ కాస్త జాగాలోకి వచ్చి చేరతాయి. పక్షులు చూసేవాళ్లం దీన్ని రూస్ట్ అంటాం.

ఇంకో సంగతి. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు దగ్గరపడే కొద్దీ ఈ పెద్ద పోట్లు మామూలు కంటే పెద్దవవుతాయి. అంటే మార్చి నెల. పక్షికి విశ్రాంతి అన్నిటికంటే ఎక్కువ అవసరమైన నెలలోనే దానికి నిలబడే చోటు అన్నిటికంటే తక్కువగా మిగులుతుంది. చలికాలం చివరి రోజుల గురించి ప్రత్యేకంగా ఎందుకు అడుగుతున్నానంటే ఇందుకే. ఏడాది పొడవునా దారి మూసేయమని నేను అడగడం లేదు.

పక్కన ఖాళీ స్థలం చాలా ఉంది కదా, అక్కడికి వెళ్లొచ్చు కదా అని ఒకసారి మీ ఆఫీసుల్లాంటి ఒక ఆఫీసులోనే నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. మనకు ఖాళీగా కనిపించే స్థలం వాటికి పనికొచ్చే స్థలం కాదు. బైరి డేగ దూరం నుంచి వస్తుంటే ముందే కనిపించాలి. పక్కన ఎత్తు గోడ ఉన్నా, పొదలున్నా, చెట్ల వరస ఉన్నా, డేగ ఆ చాటు నుంచి వచ్చి మీద పడుతుంది. కాబట్టి చుట్టూ తేటగా కనిపించే బోడి నేలే వాటికి కావాలి. పొడిగా ఉండాలి, మేత మేటకు దగ్గరగా కూడా ఉండాలి. ఇవన్నీ కలిసి వచ్చే చోటు ఒక హార్బర్‌లో ఒకటో రెండో ఉంటాయి. బ్యూటిఫికేషన్ పేరుతో కట్ట చివర చెట్లు నాటాలని ఆలోచన ఉంటే దయచేసి ఆపండి. చెట్లు నాటడం ఎక్కడైనా మంచిదే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించేది. కానీ అక్కడ ఒక్క వరస చెట్లు పెరిగితే రూస్ట్ పోయినట్టే.

ఇక ఆ రూస్ట్ ఎలా ఉంటుందో చెబుతాను, మీలో చాలామంది అది చూసి ఉండరు. నీళ్లు ఎక్కుతుంటే మొదట పెద్ద పక్షులు వస్తాయి, కర్ల్యూలు, గాడ్విట్‌లు. పొడవు కాళ్లు కాబట్టి అంచు నీళ్లలోనే నిలబడతాయి. తర్వాత ప్లవర్లు ఒకదానికొకటి కాస్త దూరం పాటిస్తూ సర్దుకుంటాయి. టర్న్‌స్టోన్‌లు రాళ్ల సందుల్లో, పాత తాళ్ల చుట్టల పక్కన దూరతాయి. చివర్లో డన్లిన్‌ల గుంపు వస్తుంది, పొగలా తిరుగుతూ. ఒకవైపు తిరిగితే తెల్లగా మెరుస్తుంది, రెండో వైపు తిరిగితే మాయమైపోతుంది. అన్నీ గాలికి ఎదురు మొహం పెట్టి, ఒంటి కాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దోపుకుంటాయి. కాసేపటికి అరుపులు ఆగిపోతాయి. అంత పెద్ద గుంపు ఉన్నా కట్టని తాకే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూస్తాయి.

గత చలికాలం చివర ఒక ఆదివారం, అమావాస్య మర్నాడు, నేను దారి మలుపు దగ్గర టెలిస్కోప్ పెట్టుకుని కూర్చున్నాను. గుంపు సర్దుకుని పావుగంట కూడా కాలేదు, ఇద్దరు పిల్లలు కట్ట చివరిదాకా పరిగెత్తారు. గుంపు లేచింది. రెండు చుట్లు తిరిగి మళ్లీ దిగింది. తర్వాత ఒకాయన కుక్కని గొలుసు విప్పి వదిలారు. తర్వాత ఫోటోలు దిగడానికి ఒక కుటుంబం. తర్వాత ఎవరో డ్రోన్ ఎగరేశారు, దానికి మాత్రం గుంపు డేగని చూసినట్టే బెదిరి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. ఇలా నీళ్లు దిగేలోపు 9 సార్లు లేచాయి. తొమ్మిదోసారి లేచినవి సముద్రం వైపు వెళ్లిపోయాయి, తిరిగి రాలేదు. బురద బయటపడటానికి ఇంకా గంట పైన టైముంది. ఆ గంట అవి ఎక్కడ ఉన్నాయో నాకు తెలియదు. ఆగే చోటు దొరకని డన్లిన్‌లు పోటు పూర్తయ్యేదాకా నీళ్ల మీద ఎగురుతూనే గడిపిన సందర్భాలు వేరే తీరాల్లో నమోదయ్యాయి.

డన్లిన్ బరువు 50 గ్రాములు. ఒక కోడిగుడ్డంత. ఎగరడం అంటే నిలబడి ఉన్నప్పటి కంటే ఎన్నో రెట్లు శక్తి ఖర్చు. రాత్రంతా ముక్కుతో బురద గాలించి సంపాదించిన కొవ్వు, 9 సార్లు లేచేసరికి ఎంత కరిగిపోతుందో ఆలోచించండి. పైగా అది ఒక్క ఆదివారం కాదు.

ఆ రోజు వచ్చినవాళ్లలో ఎవ్వరూ చెడ్డవాళ్లు కాదు. పిల్లలు పక్షులు ఎగిరితే బాగుందని చప్పట్లు కొట్టారు. కుక్కతో వచ్చిన ఆయనకి చెబితే అయ్యో తెలియదండీ అని వెంటనే గొలుసు పెట్టేశారు. వాళ్లకి తెలిసే మార్గమే లేదు. దారి మొదట్లో ఈత కొట్టకూడదని బోర్డుంది, చెత్త వేయకూడదని బోర్డుంది, ఈ విషయం చెప్పే బోర్డు మాత్రం లేదు. నేనూ ఇదే తప్పు చేశాను. ఒక గాడ్విట్ కాలికి రంగు జెండా కట్టి ఉంది. ఏ దేశంలో పట్టి కట్టారో ఆ జెండా రంగుని బట్టి తెలుస్తుంది. దాని మీద అక్షరాలు చదవాలన్న ఆశతో పోటు మధ్యలో ఇంకో 10 అడుగులు ముందుకు జరిగాను. మొత్తం గుంపు లేచిపోయింది. అక్షరాలూ చదవలేకపోయాను. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నేనే ఆశ ఆపుకోలేకపోతే, మొదటిసారి వచ్చినవాళ్లని ఏమంటాం? అందుకే మనుషుల మంచితనానికి వదిలేయకుండా ఒక గొలుసు, ఒక టైము పెట్టమంటున్నాను.

ఆ గాడ్విట్ గురించి ఇంకొంచెం. 2022లో ఈ జాతికి చెందిన ఒక పిల్ల పక్షి, పుట్టి సుమారు 5 నెలలే అయినది, అలాస్కాలో బయలుదేరి ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు, 11 రోజులు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, తినలేదు, నీళ్లు తాగలేదు. దాని వీపు మీద పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్ ఉపగ్రహం ద్వారా దారి మొత్తం చూపించింది. ఇలాంటి ప్రయాణానికి ముందు ఈ పక్షులు తమ ఒంటినే మార్చుకుంటాయి. కొవ్వు పెంచుకుంటాయి, ఎగిరే కండరాలు పెంచుకుంటాయి, ఇక దారిలో అక్కర్లేదు కాబట్టి పేగులూ కందనకాయా చిన్నవి చేసుకుంటాయి. మన కట్ట మీద ఒంటి కాలి మీద కునుకు తీస్తున్నట్టు కనిపించే పక్షి ఒంట్లో జరుగుతున్నది ఇది. మనకు ఖాళీగా నిలబడినట్టు కనిపిస్తుంది కానీ అది ప్రయాణానికి సిద్ధమవుతోంది.

ఇక్కడ కాకపోతే ఇంకోచోట బతుకుతాయి అన్న మాటకి జవాబు మనం కొత్తగా వెతకక్కర్లేదు. బ్రిటన్‌లో కార్డిఫ్ అఖాతానికి అడ్డంగా కట్టిన బ్యారేజీని 1999లో మూసేశాక అక్కడి బురద మేటలు శాశ్వతంగా నీళ్ల కింద ఉండిపోయాయి. అక్కడ చలికాలం గడిపే రెడ్‌షాంక్ పక్షులకి ముందే కాళ్లకి రంగు రింగులు వేసి ఉంచారు కాబట్టి అవి ఏమయ్యాయో పరిశోధకులు చూడగలిగారు. అవి నిజంగానే పక్క మేటలకి వెళ్లాయి. కానీ అక్కడ ఒళ్లు నిలుపుకోలేకపోయాయి, చలికాలం దాటి బతికినవి ముందుకంటే తగ్గాయి. పక్క మేట కూడా ఖాళీగా లేదు మరి, అక్కడ అప్పటికే ఉన్న పక్షులు ఉన్నాయి. దక్షిణ కొరియాలో సెమాన్‌గమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడని 2006లో పూర్తిగా మూశారు. గ్రేట్ నాట్‌లకి అది పెద్ద మజిలీ. గోడ మూశాక వాటి సంఖ్య అక్కడా పడిపోయింది, అవి చలికాలం గడిపే ఆస్ట్రేలియా తీరంలోనూ పడిపోయింది. ఇంకోచోటికి వెళ్లి ఉంటే ఆస్ట్రేలియాలో లెక్క తగ్గేది కాదు. 2015లో గ్రేట్ నాట్‌ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

మీరు గోడ కట్టడం లేదు, నాకు తెలుసు. ఒక నడకదారినీ ఆ గోడనీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ రోజూ 9 సార్లు లేపేసే రూస్ట్‌కీ, లేని రూస్ట్‌కీ పక్షి దృష్టిలో పెద్ద తేడా లేదు. ఇది నా అభిప్రాయం, గట్టిగానే నమ్ముతున్నాను.

1995 ఫిబ్రవరిలో మొరాకో తీరంలో మెర్జా జెర్గా అనే ఉప్పునీటి మడుగు దగ్గర స్లెండర్ బిల్డ్ కర్ల్యూ అనే పక్షిని ఫోటో తీశారు. చలికాలం చివర, తీరం పక్కన, మనలాగే దాన్ని చూడటానికి వచ్చినవాళ్లే తీశారు. ఆ జాతిని నిస్సందేహంగా చూసింది అదే ఆఖరిసారి. ఆ తర్వాత 30 ఏళ్లు వెతికారు. 2025లో అది అంతరించిపోయిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అధికారికంగా ప్రకటించింది. దాన్ని ఒక నడకదారి చంపలేదు. వేట, గూడు పెట్టే తడి నేలల్ని దున్నేయడం, ఇంకా చాలా కారణాలు చెబుతారు. నాకు మాత్రం ఆ ఫోటో తీసినవాళ్లే గుర్తొస్తారు. మళ్లీ చలికాలానికి వస్తుందిలే అనుకునే ఉంటారు కదా. మన కట్ట మీదికి వచ్చే కర్ల్యూలు వేరే జాతి, ఇంకా ఉన్నాయి. ఈ ఉత్తరం రాస్తున్నది అవి ఉన్నాయి కాబట్టే.

ఇలాంటి ఏర్పాటు ఎవరూ చేయని కొత్త పని కూడా కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం డెలావేర్ అఖాతం ఒడ్డున కొన్ని బీచ్‌లని ఏటా మే 7 నుంచి జూన్ 7 దాకా మూస్తుంది. ఆర్కిటిక్‌కి వెళ్తూ రెడ్ నాట్‌లు అక్కడ ఆగి గుర్రపునాడా పీతల గుడ్లు తింటాయి. మూసిన బీచ్ మొదట్లో వాలంటీర్లు నిలబడి వచ్చినవాళ్లకి ఎందుకు మూశారో చెబుతారు. హాంకాంగ్‌లో మై పో అనే తడి నేల దగ్గర పోటు వేళ పక్షులు నిలబడటానికి వీలుగా చెరువుల్లో నీటి మట్టం తగ్గించి ఉంచుతారు. ఇంగ్లండ్‌లో స్నెటిషమ్ దగ్గరైతే పెద్ద పోటు రోజులే జనానికి పండగ. మేట మునగగానే వేల నాట్‌లు లేచి వెనకున్న మడుగుల్లోకి వస్తాయి. చూడటానికి చాటు గదులు కట్టారు. పక్షులు మనుషుల్ని పట్టించుకోవు, మనుషులకి పక్షులు దగ్గరగా కనిపిస్తాయి. దూరంగా ఉంచితే జనం రావడం మానేస్తారన్న భయం అక్కర్లేదు. నిశ్చింతగా నిద్రపోతున్న గుంపుని అరగంట చూడొచ్చు. ఎగిరిపోయే గుంపు అర నిమిషంలో అయిపోతుంది.

మన దగ్గర ఇది ఎంత పని అవుతుందో లెక్క వేశాను. పెద్ద పోట్లు నెలకి రెండు విడతలు, ఒక్కో విడతకి 5 రోజులు అనుకుందాం. అంటే నెలలో సుమారు 10 రోజులు, అదీ పగటి పోటుకి మాత్రమే, 4 గంటలు. మిగతా 20 రోజులు కట్ట ఎప్పటిలాగే అందరిదీ. రోజుకి రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఇంకో సౌకర్యం ఉంది. పోటు టైము రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కానీ, ఒక రేవులో పెద్ద పోటు ఎప్పుడొచ్చినా ఇంచుమించు అదే వేళకి వస్తుంది. కొన్నిచోట్ల మధ్యాహ్నం, కొన్నిచోట్ల పొద్దున్నా సాయంత్రం. సెక్యూరిటీ డ్యూటీలు వేసేవారికి ఇది తెలిస్తే పని సగం తేలిక. టైములు వెతకక్కర్లేదు, పోటు పట్టిక మీ హార్బర్ ఆఫీసు గోడ మీదే ఉంటుంది. దాని కాపీ ఒకటి గేటు దగ్గర అంటిస్తే చాలు.

కట్ట రిపేర్లు, రంగులు వేయడం, మేట పక్కన డ్రెడ్జింగ్ (అడుగున పూడిక తీయడం) లాంటివి వీలైతే ఏప్రిల్ దాటాక పెట్టుకోండి. ప్రమాదం ఉండి ఆపలేని పని అయితే తప్పదు, చేయాలి. అప్పుడు కనీసం నీళ్లు దిగిన గంటల్లో చేస్తే పక్షులు దూరంగా మేటలో ఉంటాయి, యంత్రం చప్పుడు వాటి నిద్రని చెడగొట్టదు. డ్రోన్లు ఆ ముక్క మీద ఎప్పుడూ వద్దు. కుక్కలు గొలుసుతో ఉంటే మలుపు దాకా వచ్చినా ఇబ్బంది లేదు. జాలరులు తమ పడవల దగ్గరికి వెళ్లే దారిని మాత్రం దయచేసి ఈ నిబంధనలోకి లాగకండి. వాళ్లు రోజూ ఒకే దారిలో, ఒకే వేగంతో వెళ్తారు. పక్షులు వాళ్లని ఎరుగుదుము అన్నట్టే నిలబడటం నేను చూశాను.

నాతోపాటు కెమెరాలు, బైనాక్యులర్స్ పట్టుకుని తిరిగేవాళ్లకి కూడా ఒక మాట, ఇది వాళ్లూ చదువుతారు కాబట్టి. గుంపులో తలలు పైకి లేస్తే మనం అప్పటికే దగ్గరికి వెళ్లిపోయినట్టు. అక్కడితో ఆగి, మెల్లగా వెనక్కి రావాలి. ఎగిరే ఫోటో కోసం ఎవరైనా గుంపుని లేపితే దాన్ని మంచి ఫోటో అని మెచ్చుకోకండి. కాళ్ల జెండాలు చదవాలంటే నీళ్లు దిగే వేళ మంచిది. పక్షులు వాటంతట అవే మేతకి బయలుదేరి చెదురుతాయి, కాళ్లు కనిపిస్తాయి, కదలకుండా కూర్చున్న మనిషి దగ్గరికి అవే వస్తాయి. ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

వచ్చే చలికాలం చివరకి ఇది మొదలుపెట్టగలిగితే, ఒక్క సీజన్ చేసి చూడండి. మూసిన రోజుల్లో మలుపు దగ్గర నా టెలిస్కోప్ పెట్టుకుని ఆ 4 గంటలూ నేనుంటాను. వచ్చినవాళ్లని వెనక్కి పంపకుండా దాంట్లోంచి చూపిస్తాను. పిల్లల ఎత్తుకి స్టాండ్ కిందికి దించుతాను. ఏ రోజు ఎన్ని పక్షులు వచ్చాయో, ఎన్నిసార్లు లేచాయో రాసి నెలకోసారి మీ ఆఫీసులో ఇస్తాను. సీజన్ అయ్యాక ఆ కాగితాలు చూసి మీరే నిర్ణయించండి. మీ వైపు నుంచి కావలసింది మలుపు దగ్గర ఒక గొలుసు, ఒక బోర్డు. బోర్డు మీద పెద్ద మాటలు వద్దు, ఇంత రాస్తే సరిపోతుంది:

ఇప్పుడు పోటు. పక్షులు నిద్రపోతున్నాయి. నీళ్లు దిగాక రండి. ఈ రోజు దారి తెరిచే టైము:

ఆ టైము దగ్గర ఖాళీ వదలండి. ప్రతి పోటుకీ సుద్దముక్కతో నేనే రాస్తాను.

గౌరవంతో,
మీ నడకదారిలో రోజూ నడిచే ఒక పక్షి ప్రేమికుడు